ఏడో గడి

మంచు కరుగుతున్న బూట్లతో వస్తారు నా కిటికీ దగ్గరికి,
నేల మీద చిన్న మడుగు వదిలి వెళ్తారు.
దారం కట్టిన పెన్ను, రెండు పేజీల దరఖాస్తు,
ముప్పై ఐదు డాలర్లు, చిల్లరుంటే మేలు.
మేన్ రాష్ట్రంలో, ఈ ఏటి ఒడ్డు ఊళ్లో
ఇరవై రెండేళ్లుగా కొత్త వ్యాపారాలకు
పురుడు పోస్తున్నది నేనే.
నామకరణం వాళ్లది, ముద్ర నాది.

రాజధాని నుంచి ఫోన్ చేశాడు ఆర్థికశాఖ కుర్రాడు.
గొంతులో పండగ.
"లోరెట్ గారూ, మీ కౌంటీలో దరఖాస్తులు
నిరుటి మీద పంతొమ్మిది శాతం ఎక్కువ!
ప్రాంతం కోలుకుంటోంది."
పెరిగాయి బాబూ.
ఎప్పట్నుంచి పెరిగాయో కూడా అడుగు.
కాగితం మిల్లు గొట్టం పొగ మానేసిన
మరుసటి సోమవారం నుంచి.

ఒళ్లు కాలితే జ్వరం,
పొయ్యి కాలితే వంట.
నీ చేతిలోని గాజుగొట్టానికి
రెండూ ఒకటే గీత.

ఆ సోమవారం మొదట వచ్చింది నార్మాండ్ పెల్కీ.
ముప్పై ఒక్క ఏళ్లు మూడో యంత్రం పక్కన గడిపిన చెవులు,
రెండుసార్లు అరిస్తే గానీ నా మాట అందదు.
గరాజులో రంపాలకు, స్కేట్లకు పదును పెడతాడట.
ఏడో గడి దగ్గర ఆగిపోయాడు:
జీతానికి మనుషుల్ని పెట్టుకునే ఉద్దేశం ఉందా?
లేదు అని టిక్కు పెట్టాడు. కొట్టేశాడు.
ఉంది అని పెట్టాడు.
"ఇది అబద్ధమవుతుందా?"
ఉద్దేశమే కదా నార్మాండ్, అన్నాను.
ఆ ఒక్క టిక్కుతో అతను
రాజధానిలో గట్టిగింజల కుప్పలో పడ్డాడు.
మిగతాదంతా తాలు. వాళ్లు ఆ మాట అనరులే,
మర్యాదైన పేరొకటి పెట్టుకున్నారు.

తర్వాత వరస కట్టారు.
కేకులు, కుక్కలకు స్నానాలు, కొవ్వొత్తులు,
మంచు తోసే బండి ఒకటి, దానికి ముగ్గురు భాగస్వాములు,
అందులో ఇద్దరికి మాటల్లేవు.
ఒక కుర్రాడు వ్యాపార స్వభావం అన్నచోట
"ఏదైనా సరే" అని రాశాడు.
దిద్దమని వెనక్కిచ్చాను.
తల గోక్కుని "రకరకాలు" అని మార్చాడు.

మార్చిలో హిబాక్ నూర్ వచ్చింది,
నెలల పిల్లాణ్ణి వీపున కట్టుకుని.
పాత తపాలా వ్యాను కొన్నదట,
ఆసుపత్రి రాత్రి షిఫ్టు వాళ్లకి
సాంబూసాలు, ఏలకుల టీ.
ఆమె పెట్టిన పేరు మూడుసార్లు తప్పు పలికాను,
మూడుసార్లూ నవ్వింది, నాలుగోసారి నాకు వచ్చింది.
ఏడో గడిలో లేదు. తడుముకోకుండా.
"వండేది నేనే, అమ్మేది నేనే, జీతమెవరికి?"
తాలులోకి పోయింది హిబాక్.

పుట్టినవన్నీ నా దగ్గర రాసున్నాయి.
పోయినవి ఎవరూ వచ్చి చెప్పరు.
రుసుం కట్టి మరీ ఓటమిని నమోదు చేసుకునేదెవరు?
సాయంత్రం కారులో ఇంటికెళ్తుంటే తెలుస్తాయవి:
వెలగని బోర్డు, అద్దానికి లోపల్నుంచి అంటించిన అట్ట.
నార్మాండ్ ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతున్నాడు,
ఎదురైతే చెయ్యి ఊపుతాడు.
లెక్కలో మాత్రం ఇంకా యజమానే.

నిన్న మళ్లీ ఫోను. ఈసారి గొంతు నీరసం.
"ఆరు శాతం తగ్గాయి. మీ ఊరికేమైంది?"
అప్పుడే హిబాక్ కిటికీ ముందు నిలబడి ఉంది.
పిల్లాడికి నడక వచ్చింది,
పెన్ను దారం పట్టుకుని లాగుతున్నాడు.
కొత్త దరఖాస్తు కాదు, చిరునామా మార్పు.
వ్యాను నంబరు కొట్టేసి
కాలువ వీధి, పద్నాలుగు అని రాసింది,
మూతపడ్డ బూట్ల దుకాణం.
ఇద్దరమ్మాయిలకు వచ్చేవారం నుంచి జీతమట.
ఆ సంగతి అడిగే గడి
ఈ కాగితంలో లేదు.

ఉండు బాబూ, మనిషి వచ్చింది, అన్నాను.
రుసుం ఐదు డాలర్లు.
ఇది ఏ శాతంలోకీ ఎక్కదు.
ముద్ర మాత్రం బల్ల అదిరేలా వేశాను.
పిల్లాడు ఉలిక్కిపడ్డాడు,
ఆనక, మళ్లీ అన్నట్టు చూశాడు.